చెంప, దవడ కండరాల్లో రక్తనాళాల వాపుకు ఇంజెక్షన్ చికిత్స: తరచుగా అడిగే ప్రశ్నలు

చెంపలో మెత్తటి వాపుతో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చేవారిలో చాలామంది అసలు జబ్బు పేరు తెలిసేలోగా రెండు మూడు చోట్ల చూపించుకుని ఉంటారు. ఒకచోట గవదబిళ్ళలన్నారని, ఇంకొకచోట పన్ను చీము పట్టిందన్నారని, మరొకచోట కొవ్వుగడ్డ అన్నారని చెబుతూ పాత చీటీల కట్ట బల్ల మీద పెడతారు. అలాంటివారు, వారి వెంట వచ్చినవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాము. వీటిని చదివి మందు కొనుక్కోవడానికి కాదు, డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు ఏమి అడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

ఇది గడ్డా? కేన్సరా?

కేన్సరు కాదు, నిజానికి గడ్డ కూడా కాదు. గర్భంలో బిడ్డ శరీరం తయారయ్యే కాలంలో ఒకచోట రక్తనాళాలు సరిగా రూపుదిద్దుకోకపోవడం వల్ల ఏర్పడిన లోపం ఇది. దీనిని వైద్యులు వాస్కులర్ మాల్‌ఫర్మేషన్ అంటారు. ముఖంలోనూ దవడ కండరాల్లోనూ ఎక్కువగా కనిపించేది సిరలకు సంబంధించిన రకం. మామూలు సిర గోడలో కండర పొర ఉండి నాళాన్ని బిగువుగా ఉంచుతుంది. ఈ లోపమున్న చోట ఆ పొర పలచగానో, అక్కడక్కడా లేకుండానో ఉంటుంది కాబట్టి నాళాలు సాగిపోయి స్పాంజిలాగా రక్తంతో నిండి ఉంటాయి. కణాలు అదుపు తప్పి పెరిగిపోయే జబ్బు కాదు గనుక ఇది మరో అవయవానికి పాకదు.

పుట్టుకతోనే ఉంటే ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఎందుకు కనిపించలేదు?

కండరం లోపల లోతుగా ఉన్న లోపం బయటికి తెలియడానికి సమయం పడుతుంది. బిడ్డతోపాటే అదీ పెరుగుతుంది. రజస్వల అయ్యే వయసులో, గర్భధారణ సమయంలో, ఆ చోట దెబ్బ తగిలినప్పుడు కొంత వేగంగా ఉబ్బుతుంది. ‘బంతి తగిలినప్పటినుంచే వచ్చింది’ అని తల్లిదండ్రులు చెప్పేది అబద్ధం కాదు. అయితే దెబ్బ వల్ల లోపం పుట్టలేదు, ఉన్న లోపం పైకి తెలిసింది.

గ్రహణం నాడు గర్భిణిగా బయటికి వచ్చినందుకే పాపకు ఇలా అయిందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?

కాదు. ఈ ప్రశ్నకు జవాబు అత్తగారు గదిలో ఉండగానే చెప్పడం మాకు ఇష్టం. సిరల రకంలో దాదాపు సగం మందికి టై-2 అనే ప్రోటీనును తయారుచేసే జన్యువులో, ఆ వాపు ఉన్న చోటి కణాల్లో మాత్రమే, మార్పు ఉంటుందని 2009 నుంచి తెలుసు. పిండం ఎదుగుతున్నప్పుడు ఏదో ఒక కణంలో దానంతట అది జరిగిన మార్పు అది. తల్లి తిన్నది, చూసినది, చేసిన పని దీనికి కారణం కావు. తల్లి రక్తంలోగాని తండ్రి రక్తంలోగాని అది ఉండదు కాబట్టి తరవాతి కాన్పులో మళ్ళీ వస్తుందన్న భయమూ సాధారణంగా అక్కరలేదు. చర్మం మీదా నోటిలోనూ చిన్న చిన్న నీలి బుడిపెలు ఒకే కుటుంబంలో పలువురికి ఉండటం మాత్రం అరుదైన వంశపారంపర్య రకానికి గుర్తు. అలా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

రిపోర్టులో హెమాంజియోమా అని రాశారు. రెండూ ఒకటేనా?

ఒకటి కావు, కాని పాత అలవాటు కొద్దీ చాలా రిపోర్టుల్లో ఈ మాటే పడుతుంది. ఈ రెండింటినీ విడదీసి చూపినది 1982లో అమెరికా వైద్యులు మల్లికెన్, గ్లొవాకీ. పసిపిల్లల హెమాంజియోమా పుట్టిన కొన్ని వారాలకు కనిపించి, మొదటి ఏడాదిలో గబగబా పెరిగి, తరవాత కొన్నేళ్లకు దానంతట అదే కరుగుతుంది. 2008 నుంచి దానికి ప్రొప్రనొలాల్ అనే నోటి మందు బాగా పనిచేస్తోంది. సిరల లోపం దానంతట అది కరగదు, ప్రొప్రనొలాల్‌కు లొంగదు. ‘పెద్దయితే పోతుందిలెండి’ అన్న మాట నమ్మి పదిహేనేళ్లు ఆగినవారు మా దగ్గరికి వస్తుంటారు. ఆ మాట హెమాంజియోమా విషయంలో నిజం, వీరి విషయంలో కాదు. పేరు తప్పుగా పడటం వల్ల జరిగే నష్టం ఇదే.

దవడ కండరంలోనే ఉందని ఎలా అనుమానించాలి?

అన్నం నమిలేటప్పుడు చెంప వెనుక భాగంలో బిగుసుకునే మందమైన కండరాన్ని మాసెటర్ అంటారు. తలలోనూ మెడలోనూ కండరాల లోపల వచ్చే రక్తనాళాల వాపుల్లో దీనిలో వచ్చేవే ఎక్కువ. పళ్ళు బిగించినప్పుడు వాపు గట్టిపడి స్పష్టంగా తెలుస్తుంది, వదిలినప్పుడు మెత్తబడుతుంది. తల కిందికి వంచితే ఉబ్బుతుంది, నిటారుగా నిలబడి కొంతసేపు ఆగితే తగ్గుతుంది. ఉభాల రోజుల్లో పొద్దున్నుంచి వంగి నాట్లు వేసే ఆడవారు సాయంత్రానికి చెంప బరువెక్కిందని చెప్పడం ఇందుకే, వారు చెప్పే ఆ ఒక్క మాట మాకు సగం రోగనిర్ధారణ. వేలితో నొక్కితే వాపు తగ్గి, వదలగానే మెల్లగా మళ్ళీ నిండుతుంది. చర్మం లోతు నుంచి నీలంగా కనిపించవచ్చు, కనిపించకపోనూ వచ్చు.

కొందరికి వాపు లోపల బఠాణీగింజల్లాంటివి చేతికి తగులుతాయి. కదలని రక్తం గడ్డకట్టి, దాని మీద సున్నం పేరుకోవడం వల్ల ఏర్పడిన రాళ్లు అవి. వాటిని ఫ్లెబోలిత్‌లు అంటారు. ఎక్స్‌రేలో గుండ్రంగా తెల్లగా కనిపిస్తాయి. లాలాజల గ్రంథిలో రాళ్లని పొరబడి ఆపరేషనుకు రాసిన సందర్భాలూ ఉన్నాయి. భోజనం ముందు కూర్చోగానే వాపు పెరుగుతుంటే లాలాజల గ్రంథిని, తల వంచితే పెరుగుతుంటే సిరలను ముందుగా అనుమానించాలి.

మన తీర ప్రాంతంలో నిప్పు ఉన్న కొనను నోటిలో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. ఆ అలవాటు ఉన్నవారికి నోటిలో పుండుగాని గట్టి గడ్డగాని వస్తే ఈ పేజీని పక్కన పెట్టి ముందు నోటి కేన్సరు పరీక్ష చేయించుకోవాలి.

ఏయే పరీక్షలు అవసరం?

రెండు. ముందు డాప్లర్ స్కాన్, తరవాత ఎం.ఆర్.ఐ. డాప్లర్‌లో తేలవలసిన సంగతి ఒక్కటే అయినా మిగిలిన చికిత్సంతా దాని మీదే నిలబడి ఉంటుంది: ఆ నాళాల్లో రక్తం నెమ్మదిగా పారుతోందా, వేగంగా పారుతోందా? సిరల రకం, లింఫ్ నాళాల రకం నెమ్మది ప్రవాహానివి. ధమని నుంచి రక్తం నేరుగా సిరలోకి పడిపోయే రకంలో ప్రవాహం వేగంగా ఉంటుంది. చేయి పెడితే వెచ్చగా, నాడి కొట్టుకుంటున్నట్టు తగులుతుంది. ఈ పేజీలో చెప్పే ఇంజెక్షన్ నెమ్మది ప్రవాహం ఉన్నవాటికే. వేగంగా పారే చోట అదే మందు క్షణంలో కొట్టుకుపోయి వేరే చోట హాని చేస్తుంది. వాటికి తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి లోపలినుంచి మూసే ఎంబొలైజేషన్, అవసరమైతే ఆ తరవాత శస్త్రచికిత్స చేస్తారు.

వాపు ఎంత లోతుకు ఉంది, ఏయే కండరాల్లోకి, గొంతు వైపు, కంటి వైపు ఎంత పాకింది అన్నది ఎం.ఆర్.ఐ. చెబుతుంది. సిరల రకం అందులో తెల్లగా మెరుస్తుంది. దవడ ఎముకలో కూడా ఉన్నదన్న అనుమానం ఉంటే సి.టి. తీస్తారు. వాపు పెద్దదైతే డి-డైమర్, ఫైబ్రినోజెన్ అనే రక్తపరీక్షలూ చేస్తారు, ఎందుకంటే నిలిచిపోయిన రక్తం లోలోపల గడ్డకడుతూ కరుగుతూ ఉండటం వల్ల, గడ్డకట్టే పదార్థాలు కొందరిలో తరిగిపోయి ఉంటాయి.

ఈ పరీక్షలు కాకముందు ముక్క తీసి పరీక్షకు పంపడం, చీము పట్టిందనుకుని కోయడం, ఆర్‌ఎంపీ దగ్గర సూదితో లాగించడం, వాతలు పెట్టించుకోవడం, పసరు కట్టు వేయించుకోవడం వద్దు. వాతల మచ్చలు వాపు తగ్గిన తరవాత కూడా ముఖాన మిగిలిపోతాయి.

ఒక్కసారే కోసి తీసేయవచ్చు కదా?

చిన్నదై, అంచులు స్పష్టంగా ఉండి, ఒకే కండరంలో ఉంటే తీసేయవచ్చు. మంచి ఫలితమే వస్తుంది. కాని ముఖాన్ని కదిలించే నాడి శాఖలు మాసెటర్ కండరం మీదుగానే వెళతాయి. చెవి ముందున్న పెరోటిడ్ లాలాజల గ్రంథి నాళమూ దాని మీదుగానే నోటిలోకి దిగుతుంది. స్పాంజిలాంటి వాపును తీసేటప్పుడు రక్తం ధారగా కారుతుంటే ఆ సన్నని శాఖలను గుర్తుపట్టి కాపాడటం కష్టం. వాటిలో ఒకటి తెగితే నోరు వంకరపోతుంది. కండరం కొంత పోతే చెంప గుంటపడుతుంది. పైగా కొంచెం మిగిలినా మళ్ళీ పెరుగుతుంది. అందుకే పెద్ద వాపుల్లో ముందు ఇంజెక్షన్లతో కుదించి, అప్పటికీ మిగిలినది ఇబ్బంది పెడితే అప్పుడు కోయడం మంచిదని మా అభిప్రాయం.

ఇంజెక్షన్ ఎలా పనిచేస్తుంది? ఎలా ఇస్తారు?

ఈ చికిత్సను స్క్లెరోథెరపీ అంటారు. లోపలికి పంపిన మందు నాళం లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర వాచి, రక్తం గడ్డకట్టి, గోడలు ఒకదానికొకటి అతుక్కుని, కొన్ని వారాలకు ఆ చోట పీచులాంటి కణజాలం మిగులుతుంది. దానిని శరీరం మెల్లగా కుదించుకుంటుంది.

పిల్లలకూ, నోటి లోతున వాపు ఉన్నవారికీ పూర్తి మత్తు ఇస్తారు. చిన్న వాపు ఉన్న పెద్దవారికి ఆ చోట మాత్రమే తిమ్మిరి ఇస్తే చాలవచ్చు. డాక్టరు అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ సన్నని సూదిని చెంప మీదుగాగాని నోటి లోపలినుంచిగాని వాపులోకి దింపుతారు. సిరంజిలోకి ముదురు రంగు రక్తం నెమ్మదిగా తిరిగి వస్తే సూది చేరవలసిన చోటికి చేరినట్టు. తరవాత ఎక్స్‌రే తెర కింద కాస్త రంగుమందు పంపి, అది ఆ చోటే నిలుస్తోందా, ఏ సిర గుండా బయటికి పోతోంది అన్నది గమనిస్తారు. బయటికి పోయే దారి కనిపిస్తే దానిని వేలితో నొక్కిపట్టి, అప్పుడు అసలు మందును కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. ముఖంలోని సిరలకు కంటి సిరలతోనూ, వాటి ద్వారా పుర్రె లోపలి సిరలతోనూ సంబంధం ఉంది కాబట్టి ఈ రంగుమందు చూడటం లాంఛనం కాదు. ఆ సౌకర్యం లేని చోట, ఓపీ కుర్చీలో కూర్చోబెట్టి చేతి అంచనాతో ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

ఏ మందు ఇస్తారు?

సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్, పాలిడొకనాల్, బ్లియోమైసిన్, శుద్ధమైన ఆల్కహాలు ప్రధానంగా వాడుకలో ఉన్నవి. మొదటి రెండింటిని గాలితో కలిపి నురుగుగా మార్చి ఇవ్వడం ఎక్కువ. రెండు సిరంజిల మధ్య మూడు దారుల కుళాయి పెట్టి అటూ ఇటూ నెట్టి నురుగు చేసే పద్ధతిని ఇటలీ వైద్యుడు టెస్సారి 2000లో ప్రకటించారు. నురుగు రక్తాన్ని పక్కకు నెట్టి గోడలకు ఎక్కువసేపు తగిలి ఉంటుంది కాబట్టి తక్కువ మందు సరిపోతుంది.

ఆల్కహాలు అన్నింటికన్నా బలమైనది, హాని చేయగలిగేదీ అదే. నాడి దగ్గరకు పాకితే నాడి దెబ్బతింటుంది, చర్మం వైపు పాకితే చర్మం కుళ్ళుతుంది, మోతాదు మించితే గుండె, ఊపిరితిత్తుల మీద భారం పడుతుంది. ముఖ నాడి ఇంత దగ్గరగా ఉన్న మాసెటర్‌లో దానికి తొలి స్థానం ఇవ్వడానికి మేము ఇష్టపడము.

బ్లియోమైసిన్ కేన్సరు మందని విన్నాము. అంటే మాకు చెప్పకుండా కేన్సరుకే వైద్యం చేస్తున్నారా?

లేదు. అది కేన్సరు మందుగా వచ్చిన మాట నిజమే. కాని నాళాల లోపలి పొర మీద దానికున్న ప్రభావం కోసం ఇక్కడ చాలా తక్కువ మోతాదులో వాడతారు. మిగిలిన మందులకన్నా వాపు తక్కువ తెస్తుంది కాబట్టి నాలుక, గొంతు, కంటి గూడు వంటి ఇరుకు చోట్ల దీనినే ఎంచుకుంటారు. ఎక్కువ మొత్తం చేరితే ఊపిరితిత్తులు గట్టిపడే ప్రమాదం ఉన్నందున జీవితకాలంలో తీసుకున్న మొత్తం ఎంతో లెక్క రాసి ఉంచాలి. ఇకముందు ఏ ఆపరేషనుకైనా మత్తు డాక్టరుకు ‘నాకు బ్లియోమైసిన్ ఇచ్చారు’ అని చెప్పాలి. ఇచ్చిన తరవాత ఒకటి రెండు రోజులు చర్మం గోకినా, అంటుకునే ప్లాస్టరు పెట్టి లాగినా ఆ చోట నల్లటి చారలు పడి నెలల తరబడి ఉండిపోవచ్చు.

ఎన్నిసార్లు చేయించుకోవాలి? పూర్తిగా పోతుందా?

చిన్న వాపుకు ఒకటి రెండు విడతలు చాలవచ్చు, పెద్దదానికి నాలుగైదు, అంతకన్నా ఎక్కువ కూడా పట్టవచ్చు. విడతకూ విడతకూ మధ్య సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగుతారు. పూర్తిగా మాయమవుతుందని మాట ఇచ్చే డాక్టరును కొంచెం అనుమానించండి. నొప్పి తగ్గడం, ముఖం రెండు వైపులా సమానంగా కనిపించడం, నోరు బాగా తెరుచుకోవడం మేము చేరదలచుకున్న ఫలితాలు. ఎం.ఆర్.ఐ.లో కొంత మిగిలి ఉన్నా మనిషికి ఇబ్బంది లేకపోతే అక్కడితో ఆపుతాము. కొన్నేళ్లకు మళ్ళీ ఉబ్బితే మళ్ళీ ఇవ్వవచ్చు.

మొదటి విడత అయిన మూడో రోజుకు చెంప మునుపటికన్నా పెద్దదైంది. వికటించిందా?

వికటించలేదు. ఈ ఫోను మాకు దాదాపు ప్రతి ఒక్కరి ఇంటి నుంచీ వస్తుంది. మందు పనిచేసే తీరే వాపు తేవడం. మొదటి రెండు మూడు రోజులు పెరిగి, ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. తరవాత కొన్ని వారాల పాటు ఆ చోట గట్టిగా చేతికి తగులుతుంది. అది లోపల కుదించుకుపోతున్న నాళమే. రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తులో పెట్టి పడుకోవాలి. గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టవచ్చు, మర్దన చేయకూడదు. దవడ పట్టేసినట్టు ఉండి నోరు సగమే తెరుచుకుంటుంది గనుక గంజి, చోడి అంబలి, మెత్తగా కలిపిన పప్పన్నం వంటివి తీసుకోవాలి. నొప్పి తగ్గడం మొదలైన తరవాత రోజూ నాలుగైదుసార్లు మెల్లగా నోరు తెరిచే వ్యాయామం చేయకపోతే కండరం బిగుసుకుపోతుంది. చాలామంది వదిలేసేది ఈ వ్యాయామమే.

ఊపిరి ఆడటం కష్టమైనా, ఉమ్మి మింగలేకపోయినా, చూపు మసకబారినా, చర్మం తెల్లబడి తరవాత నల్లగా మారినా, పొక్కులు లేచినా, మూతి ఒక వైపుకు లాగినా ఉదయం దాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలి. మూతి వంకర చాలాసార్లు తాత్కాలికమే, వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది, కాని అది డాక్టరు చూసి చెప్పవలసిన మాట.

మూత్రం ఎర్రగా వచ్చింది. మాది కవిటి మండలం, మా ఇంట్లో కిడ్నీ రోగులున్నారు. భయపడాలా?

ఈ ప్రశ్నను ఉద్దానం నుంచి వచ్చే ప్రతి ఒక్కరూ చికిత్సకు ముందే అడగాలి. ఈ మందులు కొన్ని ఎర్ర రక్తకణాలను పగలగొట్టడం వల్ల ఒకటి రెండు సార్లు మూత్రం టీ రంగులో రావచ్చు. ఆరోగ్యమైన కిడ్నీలు సెలైను ఎక్కించి, నీళ్లు బాగా తాగిస్తే దానిని కడిగేసుకుంటాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో లక్షణాలు ఏవీ లేకుండానే కిడ్నీ దెబ్బతిన్నవారు ఉన్నారు కాబట్టి, అక్కడినుంచి వచ్చేవారికి కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా ఎం.ఆర్.ఐ. రంగుమందుగాని, ఎక్స్‌రే రంగుమందుగాని, స్క్లెరోథెరపీ మందుగాని ఇవ్వకూడదు. బ్లియోమైసిన్ కూడా ఎక్కువగా కిడ్నీ గుండానే బయటికి పోతుంది. వాపు నొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ మాత్రలు కొనుక్కోవద్దు. కిడ్నీ బాగాలేనివారికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ మేలు.

ఆ వైపు పన్ను పీకించుకోవచ్చా?

దవడ ఎముకలో రక్తనాళాల లోపం లేదని ఎక్స్‌రే, అవసరమైతే సి.టి. చూసి తేల్చుకున్న తరవాతే. ఎముక లోపల వేగంగా పారే రకం ఉన్నదని తెలియక పన్ను పీకితే ఆగని రక్తస్రావం జరిగి ప్రాణం మీదికి రావచ్చు. కారణం లేకుండా కదులుతున్న పన్ను, తోముకున్నప్పుడల్లా ఒకే పన్ను చుట్టూ ఎక్కువగా కారే రక్తం దానికి హెచ్చరికలు. కండరంలో మాత్రమే ఉన్నా, దంత వైద్యుడు తిమ్మిరి సూదిని వాపులోకి గుచ్చకుండా ఉండాలంటే ముందుగా ఆయనకు తెలియాలి.

ప్రస్తుతం గర్భవతిని. ఇంజెక్షన్ తీసుకోవచ్చా?

కాన్పు అయ్యేదాకా ఆగుతాము. గర్భంలో వాపు పెరగడం మామూలే. నోటి లోపలగాని గొంతు వైపుగాని వాపు ఉన్నవారు మాత్రం కాన్పు చేసే డాక్టరుకూ మత్తు డాక్టరుకూ ముందే చూపించుకోవాలి.

అసలు చికిత్సే వద్దనుకుంటే?

నొప్పి లేక, ముఖం పెద్దగా మారక, ఊపిరికీ తిండికీ అడ్డు లేకపోతే ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండిపోవచ్చు. పెళ్ళిచూపుల తొందరలో, అదీ ముహూర్తానికి నెల ముందు వచ్చి, ఇంజెక్షన్ ఇమ్మని అడిగేవారికి మేము వద్దనే చెబుతాము. ఆ వాపుతో పీటల మీద కూర్చోవలసి వస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి? ఖర్చు మాటేమిటి?

మొదటి పరీక్షకు దూరం పోనక్కరలేదు. శ్రీకాకుళం రిమ్స్‌లోనో, రాగోలు జెమ్స్‌లోనో, నెల్లిమర్ల మిమ్స్‌లోనో, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనో చెవి-ముక్కు-గొంతు విభాగానికిగాని శస్త్రచికిత్స విభాగానికిగాని చూపించుకుని డాప్లర్ వరకు వెళ్లవచ్చు. ఇంజెక్షన్‌కు మాత్రం ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, దవడ శస్త్రచికిత్స నిపుణుడు, మత్తు డాక్టరు ఒకే చోట ఉండే పెద్ద ఆసుపత్రి కావాలి. విజయనగరం నుంచి సుమారు 60, శ్రీకాకుళం నుంచి సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నమే చాలామందికి దగ్గర. ఇచ్ఛాపురం వైపువారికి ఒడిశాలోని బరంపురం ఇంకా దగ్గర. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, మీకు రాసిన చికిత్స పేరు చూపించి, ఒక్క విడతకు అనుమతి వస్తుందా, తరవాతి విడతలకు మళ్ళీ అడగాలా అన్నది తేల్చుకోవాలి. ఇంజెక్షన్ అయిన రోజునే రాత్రి పాసింజరు ఎక్కి ఇంటికి బయలుదేరవద్దు. వాపు పెరగడం మొదలయ్యేది ఆ రాత్రే కాబట్టి ఆసుపత్రికి దగ్గరలో ఆగాలి. వెళ్లేటప్పుడు ఎం.ఆర్.ఐ. రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా దాని సీడీ కూడా వెంట ఉండాలి, ఎందుకంటే సూది ఎక్కడ దింపాలో డాక్టరు చూసుకునేది ఆ బొమ్మల్లోనే.